అడగకుండా తీర్చిన తీర్పులు

రాజరాజ నరేంద్రుడు రాజమహేంద్రవరంలో ఏలుతున్న రోజుల్లోనే స్కాట్లాండులో మాక్బెత్ ఏలాడు. మనవాడి పట్టాభిషేకం 1022లో, మరణం 1061లో. అతగాడి పాలన 1040 నుంచి 1057 దాకా. ఒకరి ఊసు ఒకరికి తెలిసే వీలు లేదు కానీ, ఇద్దరినీ ఒకే రకం అపకీర్తి పట్టుకుంది. చరిత్రలో చేసిన పనులు పండితులకు మిగిలాయి, నాటకాల్లో చేయించిన పనులు జనానికి మిగిలాయి. భారతాన్ని తెలుగు చేయమని నన్నయను అడిగిన రాజు, రంగస్థలం మీదకు వచ్చేసరికి చిన్నరాణి చిత్రాంగి మాట నమ్మి కన్నకొడుకు సారంగధరుడి కాళ్ళూ చేతులూ నరికించిన రాజయ్యాడు. నిజానికి శాసనాల్లో సారంగధరుడనే కొడుకు లేడు. ఉన్న కొడుకు రాజేంద్రుడు 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడన్న పేరుతో అర్ధ శతాబ్దం ఏలాడు. గౌరన 15వ శతాబ్దంలో నవనాథ చరిత్రలో చెప్పిన నాథయోగుల కథ ఏ దారిన వచ్చి రాజమహేంద్రవరానికి అతుక్కుందో గానీ, ఇవాళ అక్కడ సారంగధర మెట్టా ఉంది, చిత్రాంగి మేడలన్న పేరూ ఉంది. రాజరాజు మీద పడ్డ నింద అబద్ధమని నిరూపించడం తేలికే. కవులకూ నాటకకర్తలకూ అతని జీవితంలో ఉన్న అసలు గొడవ ఎందుకు పనికిరాలేదన్నదే ఆలోచించాల్సిన ప్రశ్న.

ఎందుకంటే అసలు గొడవ చిన్నది కాదు. తండ్రి విమలాదిత్యుడి తరవాత వేంగి ఎవరిదన్న తగాదా రాజరాజును జీవితమంతా వెంటాడింది. సవతి సోదరుడు విజయాదిత్యుడు ఒక దశలో సింహాసనాన్ని లాక్కున్నాడు కూడా. అటు చోళులు, ఇటు పశ్చిమ చాళుక్యులు చెరొక పక్షం పట్టారు. న్యాయమైన వారసుడెవరు, దొంగ వారసుడెవరు అన్న నాటకానికి ఇంతకన్నా సరుకేం కావాలి? అయినా తెలుగు కథకులు దాన్ని ముట్టుకోలేదు. హక్కు విషయంలో ఎవరూ వేలెత్తి చూపని రాజుగా అతన్ని నిలబెట్టి, అతని చేత ఒక తప్పుడు తీర్పు చెప్పించారు. వారసత్వం కథను వదిలి తీర్పు కథను పట్టుకోవడంలో విషాద నాటకం స్వభావమంతా ఉంది. గద్దె ఎలా దక్కిందన్నది ఈ నాటకాలకు కథ మొదలుపెట్టడానికి పనికొచ్చే సంగతి. రాజు నియంతగా మారే చోటు వేరు: శిక్ష వేసే ముందు అవతలి మనిషిని అడిగాడా, అడిగితే విన్నాడా అన్న చోటు. ఈ మాటకు సాక్ష్యం సోఫొక్లీస్ దగ్గర, షేక్‌స్పియర్ దగ్గర ఉన్నట్టే నర్సీపట్నం చుట్టుపక్కల కొండల్లోనూ ఉంది. దీనికి గట్టి ఆక్షేపణ కూడా ఆ కొండల నుంచే వస్తుంది.

ముందు సారంగధరుడి కథే చూద్దాం. బళ్ళారిలో ప్లీడరుగా పని చేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 19వ శతాబ్దం చివర ఈ కథను విషాద సారంగధర అన్న పేరుతో నాటకం చేశాడు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దానికి పేరు. మరణంతో ముగిసే నాటకం మన లాక్షణికులకు గిట్టదు. భాసుడి ఊరుభంగం లాంటి మినహాయింపు ఉన్నా, భాస నాటకాలు తిరువనంతపురంలో అచ్చయింది 1912లో. ధర్మవరంవారికి దేశీయ నమూనా లేదు. పాత కథలో నరికిన అవయవాలు సిద్ధుడి మహిమతో తిరిగి మొలుస్తాయి. అంటే రాజు చేసిన తప్పును దేవుడు దిద్దుతాడు. ఆ దిద్దుబాటును తీసేస్తే తీర్పు తీర్పుగానే మిగులుతుంది, వెనక్కి తీసుకునే దారి ఉండదు. కోర్టులో నిత్యం సాక్ష్యాలు, వాంగ్మూలాలు చూసే మనిషికి ఈ కథ ఆ రూపంలో తట్టడం యాదృచ్ఛికమని అనుకోలేం. కథలో నేరం రుజువు చేసేదేమిటి? పావురం కోసం పినతల్లి మేడకు వెళ్ళడం, ఆమె ఫిర్యాదు, ఆ పైన ఒక తండ్రి రోషం. ప్రతిపక్షం వాదన లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. రాజరాజు నియంత కాడు, మోసపోయినవాడు. దోషం చిత్రాంగిది కదా అని. మోసపోవడం ఎవరికైనా జరుగుతుంది. ఊళ్ళో మామూలు మనిషి భార్య మాట నమ్మి కొడుకును ఇంట్లోంచి వెళ్ళగొడితే అది ఆ ఇంటి తగాదా, రేపు పెద్దమనుషులు సర్దుతారు. రాజు మోసపోతే తలారి బయల్దేరతాడు. అంత అధికారం చేతిలో ఉన్నవాడికి మోసపోకుండా ఉండే మార్గం ఒక్కటే, రెండో పక్షాన్ని పిలిచి అడగడం. ఆ పని మానేసిన క్షణంలో అతను వేసిన శిక్షకూ, దుర్మార్గుడు వేసిన శిక్షకూ తేడా ఉండదు. నరికిన చెయ్యికి రాజు ఉద్దేశం తెలియదు. విషాద నాయకుడు పూర్తిగా మంచివాడూ కాకూడదు, పూర్తిగా చెడ్డవాడూ కాకూడదని అరిస్టాటిల్ చెప్పింది కూడా ఇందుకే పనికొస్తుంది. పుట్టు దుర్మార్గుడు పడిపోతే ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. హక్కున్న రాజు, నలుగురూ మెచ్చినవాడు, ఒక్క పూట వినడం మానేసి పడిపోతేనే కడుపులో దేవుతుంది.

క్రీస్తుపూర్వం 441 ప్రాంతంలో ఏథెన్సులో ఆడిన సోఫొక్లీస్ నాటకం యాంటిగనిలో క్రియాన్ అలాంటివాడే. థీబ్స్ రాజకుమారులిద్దరూ ఒకరినొకరు చంపుకున్నాక, దగ్గరి బంధువుగా సింహాసనం అతనికి సక్రమంగానే దక్కింది. పరాయి సైన్యంతో సొంత ఊరి మీదకు వచ్చిన పాలినైసెస్ శవానికి అంత్యక్రియలు చేయరాదని అతను వేసిన ఆజ్ఞకు కూడా ఒక తర్కం ఉంది; అప్పుడే యుద్ధం నుంచి బయటపడ్డ నగరంలో దేశద్రోహికీ, దేశరక్షకుడికీ ఒకే మర్యాద ఎలా అన్నది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. నాటకం అతన్ని తప్పు పట్టేది ఆజ్ఞ దగ్గర కంటే ఆ తరవాత. కొడుకు హైమన్ వచ్చి, ఆజ్ఞ మీరి అన్నకు అంత్యక్రియలు చేసిన యాంటిగని పక్షాన ఊళ్ళో జనం గొణుక్కుంటున్నారనీ, నీ ఎదుట నోరు విప్పలేకపోతున్నారనీ ఎంతో మర్యాదగా చెబుతాడు. నేనెలా ఏలాలో ఊరు నాకు చెబుతుందా అన్నట్టు మాట్లాడతాడు క్రియాన్. ఆ సన్నివేశం ముందు దాకా అతను కఠినమైన రాజు, తరవాత నియంత. చివరికి అంధ జోస్యుడు టైరీసియస్ హెచ్చరించాక మనసు మార్చుకుని పరిగెత్తినా, అప్పటికే యాంటిగని ఉరిపోసుకుంది, ఆ పైన కొడుకు కత్తి పొడుచుకున్నాడు, కబురు విని భార్యా ప్రాణం తీసుకుంది. ఇదే సోఫొక్లీస్ ఆ తరవాత రాసిన ఈడిపస్ నాటకంలో తిరగబడిన దృశ్యం ఉంటుంది. అక్కడ ఈడిపస్ ఏ రుజువూ లేకుండా క్రియాన్‌ను కుట్రదారంటాడు, చంపిస్తానంటాడు. నా మాట విని అప్పుడు తీర్పు చెప్పు అని బతిమాలేవాడు క్రియానే. పైగా తనకు తెలియకపోయినా ఈడిపస్ ఆ గద్దెకు రక్తసంబంధం గల అసలు వారసుడు! వంశహక్కు అతన్ని ఆ పూట నియంతృత్వం నుంచి కాపాడలేదు.

మరి మాక్బెత్? అతను రాజును చంపి గద్దెక్కినవాడు, అక్కడ హక్కే అసలు విషయం కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమైన మాక్బెత్ రాజవంశానికి చెందినవాడు. అప్పటి స్కాటిష్ ఆచారం ప్రకారం తండ్రి తరవాత కొడుకే రావాలన్న నియమం లేదు. రాజు డంకన్ చనిపోయింది పడక మీద కాదు, యుద్ధంలో. షేక్‌స్పియర్ చదివిన హాలిన్‌షెడ్ చరిత్రలో కూడా మాక్బెత్ మొదటి పదేళ్ళు మంచి చట్టాలతో ఏలినట్టు ఉంది. 1606 ప్రాంతంలో, బాంకో వంశంవాడినని చెప్పుకునే జేమ్స్ రాజు ఏలుబడిలో నాటకం రాస్తున్న షేక్‌స్పియర్ ఆ పదేళ్ళను చెరిపేశాడు. వారసత్వ సిద్ధాంతాన్ని మోసే అవసరం ఇంతకన్నా ఎక్కువ ఉన్న నాటకం దొరకదు. అయినా నాలుగో అంకంలో ఏం జరిగిందో చూడండి. అసలు వారసుడు మాల్కం, తన దగ్గరకు వచ్చిన మాక్‌డఫ్‌ను పరీక్షించడానికి తనలో లేని దుర్గుణాలన్నీ తనకు అంటగట్టుకుంటాడు: కామం, ధనాశ, చివరికి రాజుకుండాల్సిన న్యాయం, దయ ఏవీ నాలో లేవంటాడు. మాక్‌డఫ్ కొంతదాకా సర్దుకుంటాడు, ఆఖరికి తెగేసి, ఇలాంటివాడు ఏలడానికే కాదు బతకడానికీ తగడని ఏడుస్తాడు. రక్తం సరైనదే, అయినా అనర్హుడన్నమాట. ఒక రాజు కొలువులో ఇంత మాట అనిపించడానికి షేక్‌స్పియర్‌కు ఎంత జాగ్రత్త కావలసి వచ్చిందో! అందుకే దాన్ని పరీక్ష అన్న ముసుగులో పెట్టాడు.

ఇప్పుడు నర్సీపట్నం. ఇవాళ అనకాపల్లి జిల్లాలో ఉన్న ఈ ఊరు ఒకప్పటి గొలుగొండ తాలూకాకు కేంద్రం. అంతకు ముందు గొలుగొండ ఒక జమీందారీ, భూపతుల వంశానిది. మైదానం నుంచి చూస్తే జమీందారే ప్రభువు. కొండ మీద అతని అధికారం ముఠాదారుల మీద నిలబడేది. ఒక్కో ముఠా కింద కొన్ని గూడేలు, శిస్తు పోగుచేసేదీ తగాదాలు తీర్చేదీ ఆ దొరలే. 1836లో కుంపినీ ప్రభుత్వం జమీందారు అనంత భూపతిని తప్పించి, అంతకు ముందు జమీందారు విధవరాలు జమ్మ దేవమ్మను గద్దె మీద కూర్చోబెట్టింది. ముఠాదారులకు, అంటే కొండ సర్దార్లకు, మాట మాత్రం చెప్పలేదు. వాళ్ళు ఆమెను కొండల్లోకి ఎత్తుకుపోయి చంపేశారు. సైన్యం వచ్చింది, అనంత భూపతి జైలుకు పోయాడు, శిస్తు బకాయి కింద జమీ వేలానికి వచ్చింది, 1837లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కుంది. 1845లో సర్దార్లు మళ్ళీ లేచి, అదే వంశంలోని చిన్న భూపతి అనే కుర్రవాణ్ణి రాజుగా నిలబెట్టి మూడేళ్ళు పోరాడారు. 1857–58లో ఇంకోసారి అలజడి జరిగింది.

వాదనకు అసలైన ఎదురుదెబ్బ ఇక్కడే తగులుతుంది. రాజ్యహక్కు నాటకకర్తకు పెద్ద విషయం కాదంటున్నారు, మరి ఈ కొండజనం ఒక వంశపు పిల్లవాడి కోసం మూడేళ్ళు తుపాకులకు ఎదురు నిలిచారే, వాళ్ళకు రక్తమే ముఖ్యమని దీనర్థం కాదా? పైకి అలాగే కనిపిస్తుంది. కానీ జమ్మ దేవమ్మ కూడా ఆ ఇంటి కోడలే, వంశం పేరే కావాలంటే ఆమె దగ్గరా అది ఉంది. ఆడమనిషి ఏలుబడి ఏమిటన్న చులకన కూడా ఆ హత్యలో కలిసి ఉండవచ్చు, దాన్ని దాచనక్కర్లేదు. అయినా మంటకు కారణం తమను అడగకపోవడం. కొండ మీద జమీందారు అంటే ముఠాదారులు ఒప్పుకున్నవాడు. ఆ ఒప్పుకోలు లేకుండా కచేరీలో కాగితం మీద చేసిన జమీందారు వాళ్ళకు జమీందారే కాడు. చిన్న భూపతి దగ్గర రక్తం ఎంత ఉందో, సర్దార్ల సమ్మతి అంతకన్నా ఎక్కువ ఉంది. కుర్రవాడికి సొంత బలమేముంది గనక? అతన్ని నిలబెట్టడమంటే, రాజును నిలబెట్టే మాట మాది అని చెప్పడం.

అయితే ఇదే కొలతతో సర్దార్లనూ కొలవాలి, లేకపోతే వాదన మన ఇష్టులకు ఒకటి, పరాయివాళ్ళకు ఒకటి అయిపోతుంది. జమ్మ దేవమ్మ చేసిన నేరమేమిటి? ప్రభుత్వం కూర్చోమన్న చోట కూర్చోవడం. ఆమెను ఎవరు విచారించారు? తమను అడగలేదని కుంపినీ మీద కోపించినవాళ్ళు ఆమెను ఏమీ అడగకుండానే చంపారు. కుంపినీ ఒక అన్యాయం చేస్తే దాని శిక్ష ఆ అన్యాయంతో ఏ సంబంధమూ లేని స్త్రీ మీద పడింది. మన పౌరాణికులకు ఈ చిక్కు తెలియనిది కాదు. రక్షిస్తానని చెప్పి రక్షించని రాజును ప్రజలు కూడి చంపవచ్చని భారతం అనుశాసన పర్వం దాకా వెళ్ళి చెబుతుంది. భాగవతంలో వేనుడు వంశహక్కుతో రాజైనవాడే. మునులు ముందు వెళ్ళి హితవు చెప్పారు, వినలేదు గనకే చంపారు. చంపాక దేశం దొంగల పాలైంది, మళ్ళీ రాజును పుట్టించడానికి ఆ శవాన్నే మథించాల్సి వచ్చింది. తొడ మథిస్తే నిషాదుడు పుట్టి వేనుడి పాపం మోసుకుని కొండలకూ అడవులకూ పోయాడట, చెయ్యి మథిస్తే పృథు చక్రవర్తి పుట్టాడట. రాజు చేసిన పాపాన్ని అడవి మనిషి నెత్తిన పెట్టిన ఈ కథ మైదానంవాళ్ళు అల్లిందని వేరే చెప్పాలా? వాళ్ళ పుట్టుక గురించి వాళ్ళను అడిగినవాళ్ళు అప్పుడూ లేరు.

ఇంగ్లీషు దొరతనానికి చట్టం ఉండేది కదా, కచేరీలు ఉండేవి కదా, దాన్ని నియంతృత్వమని ఎలా అంటారన్నది మరో ప్రశ్న. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు కొట్టడం, పశువులు మేపుకోవడం, కట్టెపుల్ల తెచ్చుకోవడం వరసగా నేరాలవుతూ వచ్చాయి. ఇవన్నీ గెజెట్టులో అచ్చయినవే. క్రియాన్ కూడా తన ఆజ్ఞను ఊరంతటికీ చాటించాడు. చాటింపు వినిపించడం, మొర వినడం రెండూ ఒకటి కావు. పక్కనున్న రంపలో ప్రభుత్వం గుర్తించిన మనసబుదారు కల్లు మీద చిగురుపన్ను దాకా వేసి పిండుతుంటే, 1879లో జనం తిరగబడ్డాకే అతన్ని తొలగించారు. అంతవరకూ పితూరీ తప్ప పిటిషనుకు విలువ లేదు. గూడెంలో డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఘాట్ రోడ్డు వేయించినప్పుడు కొండవాళ్ళ చేత చేయించిన చాకిరీ, ఎగ్గొట్టిన కూలి, పెట్టిన కొరడా దెబ్బలు 1922 నాటి పితూరీకి దగ్గరి కారణాలయ్యాయి. అతని మీద ఫిర్యాదులు వెళ్ళాయి, అతను మాత్రం ఆ కుర్చీలోనే ఉన్నాడు.

ఆ పితూరీ నాయకుడు అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డాడు. పట్టుకుపోయిన తుపాకుల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టాడన్నది జనానికి బాగా గుర్తున్న ముచ్చట. సాహసం కింద చెప్పుకుంటాం గానీ, అది అంతకన్నా ఎక్కువ. చట్టం వెలుపల ఉన్నాడనుకున్న మనిషి జవాబుదారీగా ఉన్నాడు, చట్టం చేతిలో ఉన్న బాస్టియన్ కూలి లెక్క కూడా సరిగా చూపలేదు. ఆ సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్లో స్కాట్ కవర్డ్, హైటర్ అన్న ఇద్దరు దొరలను పొంచి కాల్చిన దళం దేశీ పోలీసులను వదిలేసింది. ఆ పైన మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్, ప్రత్యేక కమిషనర్‌గా రూథర్‌ఫర్డ్ వచ్చారు. రాజు ఆచూకీ కోసం గూడేల మీద పడ్డారు. 1924 మే 7న మంపలో రాజు ప్రభుత్వ బలగాల చేతికి చిక్కాడు. జనం బాధ చూడలేక తానే లొంగిపోయాడని కొందరంటారు. కొయ్యూరు తీసుకెళ్ళి మేజర్ గుడాల్ అదే రోజు కాల్పించాడు. పారిపోబోతుంటే కాల్చామన్నది అధికారుల మాట. రెండేళ్ళు ఒక రాజ్యాన్ని నిద్రపోనివ్వని మనిషిని కోర్టు బోనులో నిలబెట్టి, నువ్వెందుకు ఇలా చేశావని అడిగితే ఏం చెప్పేవాడో! ఆ మాట కాగితం మీదకు ఎక్కకపోవడం ప్రభుత్వానికి సౌకర్యమైంది. కొయ్యూరులో జరిగినదానికి చట్టాలు, కచేరీలు ఉన్న రాజ్యమన్న సమర్థన వర్తించదు, ఎందుకంటే ఆ పూట ఆ రాజ్యం తన చట్టాన్నే వాడుకోలేదు. రాజు అనుచరుడు గాం మల్లుదొర పట్టుబడి, విచారణ జరిగి, అండమాన్ వెళ్ళి, తిరిగి వచ్చి 1952 తొలి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. విచారణ దొరికినవాడికీ దొరకనివాడికీ మధ్య దూరం ఎంతో దీన్ని చూస్తే తెలుస్తుంది.

సీతారామరాజు మీద బుర్రకథలు, నాటకాలు, 1974లో కృష్ణ సినిమా వచ్చాయి. అవన్నీ వీరగాథలు, వాటి పని అవి బాగానే చేశాయి. విషాద నాటకానికి కావలసిన సరుకు మాత్రం సీతారామరాజు పితూరీకి ఎనభై తొంభై ఏళ్ళ వెనక, గొలుగొండలో పడి ఉంది. అక్కడ ఎవరూ పూర్తిగా మంచివాళ్ళు కారు, కుంపినీకి సైతం ఒక వాదన ఉంది, సర్దార్లకు న్యాయమైన కోపం ఉంది, జమ్మ దేవమ్మకు ఏం ఉందో మనకు తెలియదు. సోఫొక్లీస్ క్రియాన్‌కు యాంటిగనితో సమానంగా మాటలు ఇచ్చాడు, షేక్‌స్పియర్ తన నాటకంలోని గొప్ప మాటలన్నీ హంతకుడి నోట పెట్టాడు. వాళ్ళ రాజులు చేయని పని నాటకకర్తలు చేశారు. గొలుగొండ నాటకం ఎవరైనా రాస్తే, సర్దార్లు ముందు దేవమ్మను ప్రశ్నించాలి, ఆమె జవాబు చెప్పడానికి ఒక అంకం నిండా చోటు ఉండాలి. ఆ జవాబు విన్నాక కూడా వాళ్ళు ఆమెను చంపుతారా అన్నది రాసేవాడు తేల్చుకోవలసిన సంగతి.